ప్రకటనలను విమర్శించు చలనచిత్రములు: రైతు గ్రహింపవలసిన పాఠము

సంతలో ఎద్దును కొనబోవు రైతు దళారి మాటలు విని రొక్కము చేతికియ్యడు. మూతి తెఱచి పండ్లు చూచును. సుడులు చూచును. నాలుగడుగులు నడిపించును. వీలైనచో కాడి కట్టి చూచును. అటుపిమ్మట తోడువచ్చిన బంధువును పక్కకు పిలిచి యాలోచించి, అప్పుడుగాని బేరము కుదుర్చుకొనడు. ఇంతటి జాగరూకుడైన యీ రైతే తొలకరి దినములలో విత్తనముల దుకాణమునకు బోయి, గోడమీది బొమ్మను చూచి, దుకాణదారుడు తీసియిచ్చిన పొట్లమును మఱుమాటాడక కొనుచున్నాడు. ఎద్దు విషయమున కనబఱచిన వివేకము విత్తనము విషయమున నేమయ్యెను?

రైతు తెలివితక్కువవాడై యిట్లు చేయుటలేదు. ఎద్దు కంటికి కనబడును. దాని గుణమును అప్పటికప్పుడే పరీక్షింపవచ్చును. పొట్లములోని విత్తనపు గుణము మాసములు గడచి కాయ పగిలినగాని తెలియదు. డబ్బాలోనిది మందో, నీళ్లో చేనికి చల్లినపిమ్మటగాని బయటపడదు. ఎక్కడ మనకు స్వయముగా తెలిసికొను వీలు లేదో, అక్కడ ప్రకటన వచ్చి కూర్చుండును. తెలివి యుండవలసిన చోటును బొమ్మ యాక్రమించుకొనును.

ప్రకటన యెట్లు పనిచేయును, దాని వెనుకనున్న పెద్ద కంపెనీల బలమెట్టిది, దానికి ప్రతిక్రియ యేమి అను ప్రశ్నలను తీసికొని పలుదేశములలో కొన్ని చలనచిత్రములు తయారైనవి. ఇవి కథాచిత్రములు కావు. ఇందు వేషధారు లుండరు. ఉన్న మనుష్యులను, ఉన్న స్థలములను, ఉన్న కాగితములను చూపుచు సంగతిని విప్పిచెప్పుట వీని పద్ధతి. వీనినే డాక్యుమెంటరీ చిత్రము లందురు. వానిలో మూడింటిని గూర్చి యీ వ్యాసమున వివరించి, వానివలన మన సంఘ సభ్యులు గ్రహింపదగిన పాఠమును విన్నవించెదను.

కోరికను పుట్టించు విద్య

మొదటిది "ది సెంచరీ ఆఫ్ ది సెల్ఫ్" అను చిత్రము. 2002వ సంవత్సరమున ఇంగ్లండునందలి బి.బి.సి. సంస్థ దీనిని నాలుగు భాగములుగా ప్రసారము చేసెను. దీనిని నిర్మించినవాడు ఆడమ్ కర్టిస్. ఇందు ముఖ్యముగా చెప్పబడిన వ్యక్తి ఎడ్వర్డ్ బెర్నేస్. ఇతడు 1891లో వియన్నా నగరమున బుట్టి, శైశవముననే అమెరికా చేరి, 1995 వఱకు జీవించెను. ప్రసిద్ధ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడగు సిగ్మండ్ ఫ్రాయిడునకు ఇతడు మేనల్లుడు. మేనమామ మనుష్యుని మనస్సు లోతులను రోగనివారణకై శోధించెను. మేనల్లుడు ఆ విద్యనే సరకు లమ్ముటకు వినియోగించెను.

పూర్వపు ప్రకటనలు సామాన్యముగా సరకుయొక్క ప్రయోజనమును చెప్పుచుండెడివి. ఈ జోడు గట్టిది, ఈ గుడ్డ త్వరగా చిరుగదు, ఈ గడియారము సరియైన వేళ చూపును అనునవి ఆనాటి మాటలు. అవసరమున్నవాడు కొనును, లేనివాడు కొనడు. అయితే మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట అమెరికాలోని కర్మాగారములు ప్రజల యవసరములకు మించి సరకులు తయారు చేయజొచ్చెను. అవసరము తీరినవానిచేత గూడ మరల కొనిపింపనిదే వ్యాపారము సాగదను భయము కంపెనీలకు గలిగెను. అందుచేత వారు అవసరమును విడిచి కోరికను పట్టుకొనిరి. ఆ మార్పునకు బెర్నేస్ ముఖ్యుడని యీ చిత్రము చెప్పుచున్నది.

ఇందు చూపబడిన యొక యుదంతము తెలిసికొనదగినది. ఆ కాలమున అమెరికాలో స్త్రీలు వీధిలో సిగరెట్టు కాల్చుట తప్పుగా నెంచబడుచుండెను. స్త్రీలలో సిగరెట్లు చెల్లకుండుటవలన సగము గిరాకి పోవుచున్నదని యొక పెద్ద పొగాకు కంపెనీ అధిపతి బెర్నేసుతో మొఱపెట్టుకొనెను. బెర్నేస్ సిగరెట్టు రుచిని గాని, ధరను గాని వర్ణింపలేదు. 1929లో ఈస్టరు పండుగనాడు న్యూయార్కు నగరపు ఊరేగింపులో కొందఱు యువతులచేత బహిరంగముగా సిగరెట్లు వెలిగింపజేసెను. ఆ సిగరెట్లకు "స్వాతంత్ర్య దీపికలు" అని పేరు పెట్టించి, పత్రికలవారికి ముందే కబురంపెను. మఱునాటి పత్రికలలో అది సరకు ప్రకటనగా గాక స్త్రీ స్వాతంత్ర్యమునకు సంబంధించిన వార్తగా అచ్చయ్యెను. ఆ యొక్క యూరేగింపుచేతనే స్త్రీలలో ఆ యలవాటు వ్యాపించెననుట అతిశయోక్తి కావచ్చును. కాని ఉపాయము మాత్రము స్పష్టము. అమ్మదలచినది పొగాకు, చూపినది స్వాతంత్ర్యము.

ఇప్పుడు మన యూరి గోడలను చూడుడు. విత్తనముల బొమ్మలో చేని పాలెంత? నవ్వుచున్న రైతు, వాని వెనుక క్రొత్త మేడ, మేడముందు ట్రాక్టరు, బడికిబోవు బిడ్డలు కనబడుదురు. మనము కొనునది పొట్లములోని గింజలు. మనకు చూపునది మేడ. ఏ నేలకు తగును, ఎన్ని తడులు కావలెను, ఏ పురుగునకు ఆగును, ఏ పురుగునకు ఆగదు అను సంగతులు బొమ్మలో నుండవు. అప్పు తీర్చవలెనను ఆరాటము, బిడ్డలను చదివింపవలెనను ఆశ, తోటివారిలో తలయెత్తుకొని తిరుగవలెనను కోరిక ప్రతి రైతు మనస్సునందును గలవు. ఆ బొమ్మ వానితోడనే మాటాడుచున్నది. పైన పటారము, లోన లొటారము అను సామెతను మనవా రూరక చెప్పలేదు.

మన్నికను తగ్గించు కట్టుబాటు

రెండవ చిత్రము 2010లో వెలువడినది. దాని పేరు "ది లైట్ బల్బ్ కాన్‌స్పిరసీ", అనగా విద్యుద్దీపపు కుట్ర. దర్శకురాలు కోసిమా డనోరిట్జర్. స్పెయిను దేశమున దీనికి "కొను, పారవేయు, కొను" అను నర్థము నిచ్చు పేరు పెట్టిరి. సరకులు త్వరగా పాడగునట్లు తయారుచేయువారే యేర్పాటు చేయుదురా యను ప్రశ్న దీనికి మూలము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లివర్‌మోరు అను నూరిలో నగ్నిమాపక శాలయందు 1901లో వ్రేలాడదీసిన బల్బొకటి నూరేండ్లు దాటియు వెలుగుచుండుట యీ చిత్రమున చూపబడినది. అంతటి మన్నిక సాధ్యమైనపుడు మన యిండ్లలోని బల్బు లేల త్వరగా మాడిపోయెను? దానికి సమాధానముగా చిత్రము పాతకాగితములను చూపుచున్నది. 1924వ సంవత్సరాంతమున స్విట్జర్లాండునందలి జెనీవా నగరమున ప్రపంచమందలి పెద్ద బల్బుల కంపెనీలు కూడి యొక కట్టుబాటు చేసికొనెను. జర్మనీ దేశపు ఒస్రామ్, హాలండు దేశపు ఫిలిప్స్ మొదలగునవి యిందు జేరెను. ఈ కూటమికి ఫీబస్ అని పేరు. ఏ దేశపు విపణిలో నెవరెంత అమ్మవలెనో వీరు పంచుకొనిరి. అంతటితో నాగక బల్బు వేయిగంటలకు మించి వెలుగరాదని నియమించిరి. అంతకుముందు బల్బులు పదునైదు వందల గంటలు, అంతకు మించియు వెలుగుచుండెడివి.

ఈ నియమము నోటిమాటగా నుండలేదు. ప్రతి కర్మాగారమును తన బల్బుల నమూనాలను స్విట్జర్లాండునందలి పరీక్షాశాలకు పంపవలెను. నిర్ణీతకాలమునకు మించి వెలిగిన బల్బులు చేసిన కంపెనీకి జరిమానా! మంచి సరకు చేసినందుకు దండనము, త్వరగా మాడు సరకు చేసినందుకు మెప్పు. 1926లో సగటున 1800 గంటలు వెలిగిన బల్బు 1934 నాటికి 1205 గంటలకు దిగెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి యీ కూటమిని విడగొట్టెను.

న్యాయముగా మాటాడవలెనన్న రెండవపక్షమును గూడ చెప్పవలెను. బల్బులోని తీగె యెంత వేడెక్కిన అంత కాంతి నిచ్చును. కాని యంత త్వరగా తెగిపోవును. కావున ఆయువు తగ్గించినచో, అదే విద్యుచ్ఛక్తికి వెలుతురు హెచ్చునని కంపెనీలవారు వాదించిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని ప్రశ్న అది కాదు. హెచ్చు వెలుతురు కావలెనా, హెచ్చుకాలము మన్నవలెనా యని నిర్ణయింపవలసినవాడు కొనువాడు. వానికి తెలియకుండ, వానిని అడుగకుండ, అందఱు తయారీదారులును ఏకమై నిర్ణయించినపుడు వానికి మఱియొక దుకాణమునకు పోవు దారి కూడ మూయబడినది.

ఈ చిత్రమున మఱియొక సంగతి యున్నది. అచ్చువేయు చిన్నయంత్ర మొకటి నిర్ణీతమైన సంఖ్యలో కాగితములు అచ్చువేసినపిమ్మట నిలిచిపోయెను. దానిలోని చిన్న చిప్పు కాగితములను లెక్కపెట్టుచుండెను. లెక్కను మరల సున్నకు త్రిప్పగా యంత్రము యథాప్రకారము పనిచేసెను. ఇట్లు మూలబడిన యంత్రములు చివర కెక్కడికి చేరునో కూడ చిత్రము చూపుచున్నది. ఆఫ్రికాఖండమున ఘానా దేశములో పాత కంప్యూటర్లు గుట్టలుగా పడియుండుటయు, పేదపిల్లలు రాగి కొఱకు తీగెలను కాల్చుటయు అందు కనబడును. ఒక దేశమువారు పారవేసినది మఱియొక దేశపు పిల్లల ఊపిరితిత్తులలో పొగయై చేరుచున్నది.

స్వీడను సహకారులు చేసిన పని

బల్బుల కూటమి కథలో మన వంటి సంఘములవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన యధ్యాయ మొకటి కలదు. ప్రపంచమంతయు నా కూటమి చేతిలో నుండగా, దానికి ఎదురు నిలిచినది ఒక సహకార సంస్థ.

స్వీడనుదేశమున వినియోగదారుల సహకార సంఘములన్నియు కలిసి యొక సమాఖ్యగా నేర్పడియుండెను. కూటమి తమ దేశమున బల్బుల ధరను కృత్రిమముగా హెచ్చించుచున్నదని ఆ సమాఖ్యవారు లెక్కలు వేసి తెలిసికొనిరి. వారు ప్రభుత్వమునకు మొఱపెట్టుకొని యూరకుండలేదు. కంపెనీలను తిట్టి తృప్తిపడలేదు. సభ్యుల సొమ్ముతో స్టాక్‌హోము నగరమున తామే లూమా అను పేర బల్బుల కర్మాగారమును నిర్మించిరి. 1930 దశకారంభమున అది పని మొదలిడెను. దానితో స్వీడనునందు బల్బుల ధర తగ్గెను. కూటమివారు కూడ తమ ధరలను తగ్గింపక తప్పలేదు. నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు దేశముల సహకారులు స్వీడనువారితో చేయికలిపిరి. అనంతరము స్కాట్లాండు సహకారులును చేరి గ్లాస్గో నగరమున లూమా కర్మాగార మొకటి కట్టిరి.

ఈ సమాఖ్య అంతకుముందు రబ్బరు జోళ్ల కూటమిని గూడ ఇదే రీతిగా నెదిరించియుండెను. ఇందలి రహస్యము పెద్దది కాదు. ఒక్కొక్కడుగా బల్బు కొనువాడు దుకాణదారుడు చెప్పిన ధర యిచ్చి, అచ్చు వేసిన మాట నమ్మి యింటికి బోవలసినదే. వేయిగంటలు గడియారము చూచుచు కూర్చుండుట ఎవని తరము? అదే లక్షలమంది కూడి కొన్నపుడు పరీక్షింపజాలిన నిపుణుని పెట్టుకొనగలరు, లెక్కలు తేల్చగలరు, అవసరమైనచో కర్మాగారమునే కట్టగలరు. సహకార సంఘములయొక్క ప్రథమ ధర్మము అదియే. 1844లో ఇంగ్లండునందు రాచ్‌డేలు నేతపనివారు మొదలగు వారు తమ చిన్న దుకాణమును తెఱచినపుడు వాగ్దానము చేసినది కల్తీలేని సరకు, సరియైన తూకము. అంతకుమించి యే మేడయు వారు చూపలేదు.

వరంగల్లు పత్తిచేలు

ఇంతవఱకు చెప్పినది పరదేశముల సంగతి. మూడవ చిత్రము మన తెలుగునేలలో, మనవంటి రైతులను గూర్చి, మనవంటి రైతుస్త్రీలు తీసినది.

జహీరాబాదు ప్రాంతమున 1983లో స్థాపింపబడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ కలదు. అందలి గ్రామ సంఘములలోని దళిత స్త్రీలు కొందఱు, అక్షరములు రానివారు సయితము, కెమెరా పట్టుట నేర్చి సామాజిక చిత్రములు తీయసాగిరి. 2002లో మన దేశమున బి.టి. పత్తి విత్తనమునకు కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చినపుడు, వీరు వరంగల్లు జిల్లా పత్తి రైతులయొద్దకు బోయి, ఆ యేటి పంట ఎట్లున్నదో వారినే యడిగి చిత్రించిరి. వరంగల్లు రైతులకు బి.టి. పత్తిపై కోపమేల యను నర్థము నిచ్చు పేరుతో 2003లో నా చిత్రము వెలువడెను. మూడేండ్ల యనుభవమును చూపు మఱియొక చిత్రము 2005లో వచ్చెను.

వరంగల్లు రైతు ఈ విత్తనమునందు అంతటి యాశ పెట్టుకొనుటకు కారణము కలదు. 1997-98 సంవత్సరములలో పురుగు విజృంభించి, మందులు పనిచేయక, పత్తి పోయి, అప్పులపాలై ఆ జిల్లాలో అనేకులు ప్రాణములు తీసికొనిరి. పురుగును తానే చంపుకొను మొక్క వచ్చినదనగా నెవ్వరు ఆశపడరు? నేలయందుండు ఒక సూక్ష్మజీవిలోని జన్యువును పత్తిలో ప్రవేశపెట్టుటచేత, కాయను తొలుచు పురుగునకు విషమగు పదార్థమును మొక్క తానే తయారుచేసికొనును. విద్య నిజమైనదే. కాని యది కాయతొలుచు పురుగులకు మాత్రమే. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ మొదలగు రసము పీల్చు పురుగులను అది ఆపదు. ప్రకటన "పురుగునుండి రక్షణ" యని చెప్పినచో రైతునకు వినబడునది "ఏ పురుగును రాదు" అనియే. చెప్పినదానికిని వినబడినదానికిని నడుమనున్న యీ యెడములోనే నష్టము దాగియున్నది.

అప్పుడు 450 గ్రాముల పొట్లము ధర 1600 రూపాయలు, అంతకు పైబడియు నుండెను. సాధారణ సంకరవిత్తనము దానిలో మూడవవంతు ధరకే దొరకుచుండెను. సంకరవిత్తనము గావున రైతు తన పంటనుండి విత్తనము దాచుకొను వీలులేదు; ఏటేట కొనవలసినదే. ధరలో సుమారు 1250 రూపాయలు ఆ జన్యువిద్యకు హక్కుదారులైన కంపెనీకి రుసుముగా పోవుచుండెను. పొట్లముతోడ 120 గ్రాముల సాధారణ విత్తనమును వేఱుగా నిచ్చెడివారు. దానిని చేని చుట్టును విత్తవలెను. లేనిచో పురుగు త్వరలో ఆ విషమునకు అలవాటుపడును. ఈ సంగతి గోడమీది బొమ్మలో లేదు. ఆ చిన్నపొట్లమును పనికిరానిదని పారవేసినవారే హెచ్చు. 2010లో గుజరాతునందు గులాబీరంగు పురుగు మొదటితరము బి.టి. పత్తికి లొంగకుండుట కంపెనీయే యొప్పుకొనెను.

2005లో కేంద్ర అనుమతిసంఘము తొలుత విడుదలచేసిన మూడు బి.టి. రకములకు ఆంధ్రప్రదేశమున అనుమతిని పొడిగింపలేదు. 2006లో నాటి రాష్ట్రప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ కమిషను నెదుట ఫిర్యాదు చేసెను. తత్ఫలితముగా ఆ యేడే పొట్లము ధర 750 రూపాయలకు దిగెను. ఒక్కొక్క రైతు దుకాణమున బేరమాడియున్నచో నొక్క రూపాయియు తగ్గియుండదు. ఇందును అదే పాఠము: విడివిడిగా నడిగినది బిచ్చము, కూడి యడిగినది హక్కు.

చిత్రమును గూడ పరీక్షింపవలెను

ఈ చిత్రములు చెప్పినదంతయు వేదవాక్యమని నేను చెప్పుటలేదు. తీసినవారికి వారి పక్షము వారికి గలదు. బి.టి. పత్తి విషయముననే పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. తొలి సంవత్సరములలో కాయతొలుచు పురుగుకై చల్లు మందులు తగ్గెననియు, కొన్ని ప్రాంతములలో దిగుబడి హెచ్చెననియు చెప్పిన పరిశోధకులు గలరు. ఆ చిత్రములు వచ్చిన పదేండ్లలోపల మన దేశపు పత్తినేలలో నూటికి తొంబదివంతులకు పైగా రైతులు బి.టి. పత్తినే విత్తిరి. రైతు అంతటను మోసపోయెననుట గాని, అంతటను లాభపడెననుట గాని సత్యము కాదు. నీటివసతి గల నల్లరేగడిలో పండినది మెట్టచెల్కలో పండకపోవచ్చును.

కావున ప్రకటనను అడిగిన ప్రశ్ననే చిత్రమును గూడ అడుగవలెను: దీనికి సొమ్ము పెట్టినదెవరు? దీనివలన నెవరికి లాభము? 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన "మంథన్" అను కథాచిత్రమునకు గుజరాతునందలి పాల సహకార సంఘముల సభ్యులు అయిదులక్షలమంది తలకు రెండేసి రూపాయల చొప్పున పెట్టుబడి పెట్టిరి. అందులో పాడిరైతు పక్షము కనబడుట సహజము. ఆ సంగతిని వారు దాచలేదు. ప్రకటనకు సొమ్ము పెట్టినవాడు అమ్మువాడు. కాని ఆ సొమ్ము కూడ తుదకు కొనువాని పొట్లముధరలోనుండియే వచ్చుచున్నది. మనలను ఊరించుటకైన ఖర్చును మనమే చెల్లించుచున్నాము.

మన సంఘములు చేయదగిన పనులు

ఇంతవఱకు చెప్పినదాని సారాంశ మొక్కటియే. తెలిసికొను వీలు లేనిచోట ప్రకటన రాజ్యమేలును. కూడి పరీక్షించుకొన్నచో నా రాజ్యము కూలును. దీనికై స్వీడనువారివలె కర్మాగారము కట్టవలసిన పనిలేదు. ప్రతి గ్రామ సంఘమును చేయదగిన పనులు కొన్ని గలవు.

మొదటిది, మొలక పరీక్ష. సభ్యులు కొనదలచిన విత్తనమును ముందుగా నొకటి రెండు పొట్లములు మాత్రము తెప్పించి, నూఱుగింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టి, తేమ ఆరకుండ నీడను ఉంచి, మొలచినవాని నెంచవలెను. సంచిమీద వ్రాసిన మొలకశాతముతో సరిచూడవలెను. మందు పట్టించిన గింజలు గావున చేతులు కడుగుకొనుట మఱువరాదు. ఇది ఖర్చులేని పని. ఒక్కని యింట చేసిన నూఱిండ్లవారికి ఉపకరించును.

రెండవది, చీటీ చదువుట. బొమ్మను చూచుట మాని చీటీని చూడవలెను. 1966 నాటి విత్తనముల చట్టము ననుసరించి పొట్లముమీద మొలకశాతము, స్వచ్ఛత, లాటు సంఖ్య, పరీక్షించిన తేది యుండవలెను. నీలిరంగు చీటీ యున్నది ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన విత్తనము. లేత ఆకుపచ్చ చీటీ యున్నది కంపెనీ తన పూచీపై నమ్మునది. చదువరులైన సభ్యులు చదువురాని సభ్యులకు దుకాణముననే చదివి వినిపించుట ధర్మము.

మూడవది, ప్రయోగపు మడి. క్రొత్తరకము వచ్చినపుడు ఊరంతయు నొకేమారు దానికి మరలరాదు. ఒక సభ్యుని చేనిలో కొన్ని సాళ్లు క్రొత్తది, ప్రక్కనే కొన్ని సాళ్లు పాతది, ఒకే యెరువు, ఒకే తడి పెట్టి పండించి, ఖర్చును దిగుబడిని సంఘపు పుస్తకమున వ్రాయవలెను. ఆ సభ్యునకు నష్టము వచ్చినచో సంఘమే భరించునట్లు ముందుగా తీర్మానించుకొనవలెను. మన యూరి నేలలో మన కన్నులయెదుట పండిన యా నాలుగు సాళ్లు ఏ గోడబొమ్మకంటెను గొప్ప ప్రకటన.

నాలుగవది, అరువు సంగతి. ప్రకటనకు తోడుబోయినవాడు అప్పు. రొక్కము లేక దుకాణదారునియొద్ద అరువు పెట్టువాడు రకమును ఎంచుకొనజాలడు. అతడిచ్చినదే తీసికొనవలెను, అతడు వేసిన ధరయే యొప్పుకొనవలెను. సంఘమునుండి సకాలమున పరపతి లభించి, సభ్యులందఱి విత్తనమును ఎరువును కలిపి యొకేమారు కొన్నచో, ఎంపిక మనచేతికి వచ్చును. తొలకరికి రెండుమాసములు ముందే ఎవరికెంత కావలెనో జాబితా వ్రాయించుట యిందుకు మొదటిమెట్టు.

ఐదవది, రసీదు. కొన్న ప్రతి పొట్లమునకును రసీదు తీసికొని, ఖాళీ సంచిని, చీటీని, వీలైనచో కొన్ని గింజలను పంట చేతికి వచ్చువఱకు దాచవలెను. నాసిరకపు విత్తనమువలన నష్టపోయిన రైతు వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమున పరిహారము కోరవచ్చుననియు 2012లో సుప్రీంకోర్టు, మన ప్రాంతపు రైతులు జాతీయ విత్తన సంస్థపై వేసిన వ్యాజ్యములో తీర్పు చెప్పినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుడు ప్రకటన చేసినవారికి పది లక్షల రూపాయల వఱకును, మరల చేసినచో ఏబది లక్షల వఱకును జరిమానా విధించుటకు వీలు కల్పించుచున్నది. తగిన విచారణ చేయక అట్టి సరకును మెచ్చుకొని బొమ్మలో నిలిచిన ప్రసిద్ధ పురుషులును జరిమానాకు పాత్రులగుదురు. ఫిర్యాదులకై 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. కాని చేతిలో రసీదు లేనివానికి చట్టమెంత బలమైనదైనను ప్రయోజనము స్వల్పము.

సోదర సభ్యులారా! పైన చెప్పిన చిత్రములలో కొన్నింటిని నేడు చేతిఫోనులోనే చూడ వీలున్నది. వానిని సంఘపు మందిరమున నొకనాటి రాత్రి నలుగురు కూడి చూచి, పిమ్మట చర్చించుకొన్నచో మేలు. ఒంటరిగా చూచినవానికి కోపమో నిరాశయో మిగులును. కూడి చూచినవారికి కార్యము తోచును.

ఎద్దును కొనబోవునపుడు బంధువును తోడు తీసికొనిపోవుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. విత్తనము కొనబోవునపుడు మన సంఘమే ఆ బంధువు. తొలకరి రాకముందే యీ మాసపు సమావేశమున మొలక పరీక్షను, ప్రయోగపు మడిని గూర్చి తీర్మానములు చేయుదురుగాక యని కోరుచున్నాను.